మా బాపు తాగని సారా

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే సిలువలాగా అని ఊహించుకోకండి, అంత సీను లేదు. గ్యాస్ బండలాగా. ఎక్కడ దింపినా అడ్డమే. ఇంటికి ఎవరైనా వస్తే పక్కకు జరపాల్సిందే. జరుపుతూ జరుపుతూ ఇక్కడిదాకా తెచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే ఏమవుతుందో తర్వాత చెబుతాను, అది ఇంకా అసహ్యం.

మాది వరంగల్, కొత్తవాడ. మా బాపు మగ్గం మీద జంపకానాలు నేస్తాడు. (ఇక్కడ పడుగు, పేక అంటూ జీవితం మీద ఒక ఉపమానం వేయొచ్చు. వేయను.) తాత కాలం నుంచి క్రైస్తవులం. పుట్టగానే ఆదివారం బడిలో పేరు రాసేశారు. నేను సాధించిన ఘనతలన్నీ స్టీలు డబ్బాలే. వాక్యాలు కంఠస్థం చేస్తే బహుమతిగా ఇచ్చేవాళ్ళు. పది ఆజ్ఞలు తడబడకుండా అప్పజెప్పినందుకు వచ్చిన డబ్బాలో మా అమ్మ ఇప్పటికీ కందిపప్పు పోస్తుంది. ఆ పదిలో అబద్ధ సాక్ష్యం గురించి కూడా ఒకటి ఉంది. తెలియక చేశాను అని తప్పించుకునే దారి నాకు లేదు.

ఇరవై రెండేళ్ళప్పుడు ఉగాండా వెళ్ళాను. మిషన్ యాత్ర, మూడు వారాలు. వరంగల్, హనుమకొండ చర్చిల నుంచి ఆరుగురం. మా చిన్నప్పుడు తెల్లవాళ్ళు బస్సులో వచ్చి, మాతో ఫొటోలు దిగి, మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. మాలో అంత ఏడవాల్సింది ఏముందో మాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు వేరేవాళ్ళ ఊరికి వెళ్ళి ఏడ్చే వంతు మాకొచ్చింది. బ్యాగులో ఆవకాయ సీసా పెట్టుకుని బయల్దేరాం. అది విమానంలోనే కారి, నా ప్రార్థన పుస్తకానికి పట్టింది. శుభారంభం.

పొద్దున బడి గోడలకు సున్నం వేసేవాళ్ళం. సాయంత్రం సభ. ప్రతి సభలో మాలో ఒకరు సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: నేనిలా చెడిపోయాను, ప్రభువు ఇలా బాగు చేశాడు అని నలుగురిలో నిలబడి చెప్పడం. చెడిపోయిన భాగం ఎంత పొడుగైతే వినేవాళ్ళు అంత ముందుకు వంగుతారు. బాగుపడిన భాగానికి వచ్చేసరికి అందరికీ ఆకలేస్తుంది.

నా వంతు వచ్చిన మొదటి సాయంత్రం నిజమే చెప్పాను. రేకుల షెడ్డు, చెక్క బల్లలు, వందమంది జనం. స్టీలు డబ్బాల గురించి చెప్పాను, జోకులేశాను. నా తెలుగును మా బృందంలో ఒకడు ఇంగ్లీషులోకి మారిస్తే, పక్కన గ్రేస్ అనే టీచరమ్మ ఒక్కో వాక్యాన్నీ వాళ్ళ భాషలోకి తిప్పుతోంది. నేను అరనిమిషం కష్టపడి వేసిన జోకు ఆమె నోట్లో రెండు ముక్కల్లో అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడే ఒక కోడి బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ పోయింది. అందరూ కోడిని చూశారు.

సభ అయ్యాక మా బృందాన్ని నడిపిస్తున్న ప్రకాశ్ అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, గింత దూరమొచ్చి స్టీలు డబ్బాల ముచ్చటేందిరా? జర బరువున్నది చెప్పరాదు. నీ లైఫ్‌ల ఏదన్న బ్రేక్ అయిందా?"

"ఫోనయిందన్నా. రెండుసార్లు."

"నీతోని గిదే లొల్లి. పోనీ, మీ ఇంట్ల?"

ఆయన అబద్ధం చెప్పమనలేదు. తప్పును ఆయన మీదికి తోయాలని ఇన్నేళ్ళు చూశాను. ఆ ప్రశ్న దాటి ఒక్క అంగుళం తోయలేకపోయాను. కోడి చేతిలో ఓడిపోయిన కచ్చ నాది. నవ్వించడం తప్ప ఇంకే విద్యా రానివాడు నవ్వించలేకపోతే ఏం చేస్తాడు? ఏడిపిస్తాడు.

రెండో ఊళ్ళో ఏడిపించాను. మా బాపు తాగుబోతు అన్నాను. అమ్మ కుట్టుమిషన్ అమ్మి సారా తాగాడన్నాను. అన్నం గిన్నెను తన్నితే నేను మగ్గం గుంతలో దాక్కుని మెతుకులు ఏరుకున్నానన్నాను. అమ్మ ఏడేళ్ళు మోకరించిందనీ, ఒకరోజు బాపు సీసా పగలగొట్టి బోరున ఏడ్చాడనీ చెప్పాను. గ్రేస్ కొంగు లాంటిదేదో కళ్ళకు అడ్డం పెట్టుకుంది. వెనక బల్ల మీద ఒక మనిషి లేచి, తడబడుతూ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక ముసలమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, తలగుడ్డలో కట్టుకొచ్చిన మూడు గుడ్లు నాకిచ్చింది. మా బాపు పరువు అమ్మి కొన్న గుడ్లు. ఉడకబెట్టుకుని తిన్నాను. ఉప్పు తక్కువైందని కూడా అన్నాను.

ఆ తర్వాత ఊరూరా అదే. చెప్పినకొద్దీ కథ బలిసింది. నాలుగో ఊళ్ళో బాపు అమ్మ చెయ్యి విరగ్గొట్టాడు. అయిదో ఊళ్ళో రెండో చెయ్యి దాకా వచ్చి, మరీ ఎక్కువవుతుందని నేనే ఆగాను. నాకూ కొన్ని విలువలున్నాయి మరి.

నిజానికి మా బాపు జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. దగ్గుమందు కూడా వాసన చూసి తాగేవాడు. అమ్మ మీద చెయ్యెత్తడం అటుంచండి, అమ్మ కోప్పడితే చెప్పులేసుకుని బయటికి పోయే రకం.

వీడియో తీస్తున్నారని తెలుసు. అది యాత్రకు డబ్బులిచ్చిన సంస్థకు పోతుందనుకున్నాను. మా చర్చికి వస్తుందని ఎందుకు అనుకోలేదు? అనుకోవాలనుకోలేదు, అంతే. తిరిగొచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన తర్వాత, గోడ మీద తెల్ల దుప్పటి కట్టారు. ప్రకాశ్ అన్న పన్నెండు నిమిషాల సినిమా చేశాడు. వెనకాల వయొలిన్. అందులో మూడు నిమిషాలు నేనే. తెలుగులో, గట్టిగా, స్పష్టంగా.

బాపు మగవాళ్ళ వైపు రెండో వరసలో ఉన్నాడు. నాకు ఆయన వీపే కనిపించింది. అమ్మ ఆడవాళ్ళ వైపు. చెయ్యి విరగ్గొట్టాడన్న చోట అమ్మ తన చేతిని ఒళ్ళో తిప్పి చూసుకుంది. ఏదో మర్చిపోయానేమో అన్నట్టు.

దుప్పటి మీద బొమ్మ ఆగింది. ముప్పై ఏళ్ళుగా బాపుని చూస్తున్న జనం. ఒక్కడైనా లేచి, ఏందిరా ఈ కూతలు అంటాడని చూశాను. ఒక్కడంటే ఒక్కడు. అందరూ జాలిగా, ప్రేమగా, రుచిగా బాపు వైపు తిరిగారు. ఎవరింట్లో ఏముందో ఎవరికి తెలుసు అన్న చూపు అది. నాకు నా మీద ఉన్న కోపంలో సగం వాళ్ళ మీదా ఉంది. ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషి కన్నా మూడు నిమిషాల వయొలిన్ ఎక్కువైంది వాళ్ళకు.

పాస్టరు అయ్యగారు మైకు పట్టుకుని, "సహోదరుడు లేచి దేవుని మహిమపరచాలనుకుంటే..." అన్నారు. బాపు లేచాడు. ముందు బల్లను పట్టుకున్నాడు. అయిపోయింది, ఇప్పుడు కాదంటాడు అనుకున్నాను. నమ్ముతారో లేదో, హాయిగా అనిపించింది.

"నా కొడుకు చెప్పింది నిజమే," అన్నాడు బాపు. "దేవునికి స్తోత్రం."

చప్పట్లు కొట్టారు.

ఇంటికి పోయేటప్పుడు బండి బాపు నడుపుతున్నాడు, వెనక నేను. అమ్మ ఆటోలో వెళ్ళిపోయింది. సందు మలుపులో బండి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"నేనెప్పుడు తాగిన్రా?"

"తాగలే బాపు."

"మీ అమ్మ మీద చెయ్యెప్పుడు లేపిన?"

"లేపలే."

"మరెందుకు చెప్పినవ్?"

"ఉత్తగనే... ఆడ మంది ఇంటలేరని."

"అది చెప్పినంక ఇన్నరా?"

"ఇన్నరు."

"మంచిగ."

నాకు కోపమొచ్చింది. సిగ్గుపడాల్సిన చోట కోపం రావడం నా పాత జబ్బు. "నువ్వెందుకు లేచినవ్ బాపు? కాదంటే అయిపోవు గదా!"

"కాదంటే నువ్వేమైతవ్ రా? తాగి మానినోన్నైతే దండేసి పిలుస్తరు. అబద్ధమాడినోన్ని ఎవడు పిలుస్తడు?" కిక్ కొట్టాడు. "పా. అన్నం సల్లారుతది."

ఆ తర్వాత ఆయన ఈ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మ రెండు వారాలు నాకు అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. బాపు మీద నాకు ఇప్పటికీ మంటే. ఎవరడిగారు నిన్ను? నా తప్పు నన్ను మోయనిచ్చి ఉంటే ఒక్క ఆదివారంతో పోయేది. నువ్వు లేచి దాన్ని నిజం చేశావు. ఇలా అనుకున్నాక మళ్ళీ నాకే అనిపిస్తుంది, ఎంత సిగ్గులేనివాడినైతే ఈ లెక్కలో కూడా తప్పు ఆయనకే అంటగడతాను?

మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది, యేసును తలచుకుని అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. దానికి ద్రాక్షరసం ఇరవై ఏళ్ళుగా బాపే చేసేవాడు. నల్ల ద్రాక్ష తెచ్చి, ఉడకబెట్టి, చల్లార్చి, గుడ్డలో పిండి, చిన్న గ్లాసుల్లో పోసి, పళ్ళెం తనే పట్టుకుని వరస వరసకూ తిరిగేవాడు. ఆ పళ్ళెం పట్టినప్పుడు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసేవాడు. వీడియో తర్వాతి నెల ఒక సంఘ పెద్ద ఇంటికొచ్చాడు. ఎంతో మర్యాదగా, "అన్నకు మల్ల శోధనెందుకని..." అన్నాడు. శోధనట, మళ్ళీ తాగాలనిపించే ప్రలోభమట! పంచదార వేసి ఉడకబెట్టిన ద్రాక్షరసం. మూడేళ్ళ పిల్ల తాగితే జలుబు చేస్తుంది, అంతకు మించి ఏమీ కాదు. బాపు తలూపాడు. "మంచిదే. పిండబోతే చేతులు గుంజుతున్నయ్," అన్నాడు. ఇంట్లో నేనూ ఉన్నాను. నీళ్ళు తెచ్చిచ్చాను ఆ పెద్దమనిషికి.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండేళ్ళ కింద తొర్రూరు దగ్గరి ఊరి నుంచి భార్యాభర్తలిద్దరు వెతుక్కుంటూ వచ్చారు. పత్తి చేను మనుషులు. వీడియో ఎవరి ఫోన్‌లోనో చూశారట. బాపు మగ్గం మీద ఉన్నాడు. ఆమె గడపలోనే నిలబడి, "అన్నా, మీరెట్ల మానిన్రో జర మా ఆయనకు చెప్పున్రి," అంది. భర్త తల దించుకుని అడిగాడు: "మానినంక చేతులు వణకలేదా అన్నా? నాకైతే పొద్దుగాల లేస్తనే వణుకుతయ్."

బాపుకు ఏం తెలుసు? నా వైపు చూశాడు. అక్కడ చర్చి లేదు, మైకు లేదు. ఇద్దరే మనుషులు. ఒక్క వాక్యం చాలు. నేను అన్నాను, "వణుకుతయ్, గని దేవుని మీద భారమెయ్యాలె. ఒక్కటేసారి ఇడిచిపెట్టాలె. బాపు గట్లనే ఇడిచిపెట్టిండు."

ఆయన నమ్మాడు. నమ్మి, ఒక్కసారే వదిలేశాడు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో డాక్టరు తిట్టాడట, ఏళ్ళ తరబడి తాగినవాడు అట్లా టక్కున ఆపితే ప్రాణానికే ముప్పని ఎవరూ చెప్పలేదా అని. నేను చెప్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

బాపు రెండు రోజులు ఆ మంచం పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్ళాను. వార్డు తలుపు దగ్గర ఉండగా విన్నాను.

"తమ్మీ, నీకొకటి చెప్పాలె," అంటున్నాడు బాపు. "నేను తాగలేదు. ఎన్నడు తాగలేదు."

మంచం మీదాయన సెలైన్ పెట్టిన చెయ్యి కదలకుండా నవ్వాడు. "ఊకో అన్నా. పొద్దుగాల డాక్టరడిగితే నేను గూడ గదే చెప్పిన."

భార్య కూడా నవ్వింది. పక్క మంచమాయన నవ్వాడు. బాపు కూడా చివరికి నవ్వేశాడు. నా జీవితంలో నేను విన్న మంచి జోకుల్లో అదొకటి. నేను నవ్వలేకపోయాను. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మా బాపు నిజం చెప్పినా ఇంక చెల్లదు. తాగలేదు అనేది తాగుబోతు మాట. దాన్ని ఇప్పుడు ఈ భూమ్మీద నిజం చేయగలవాణ్ణి నేనొక్కణ్ణే. లోపలికి వెళ్ళి, "బాపు, పెరుగన్నం తెచ్చిన," అన్నాను.

ఆయన బతికాడు. మానాడో లేదో తెలియదు. తొర్రూరు ఏమంత దూరం కాదు. వెళ్ళి అడగలేదు.

మరి చర్చిలో లేచి చెప్పొచ్చు కదా అంటారు. చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ప్రకాశ్ అన్న ఏడుస్తాడు, కౌగిలించుకుంటాడు, ఫోన్ బయటికి తీస్తాడు. అబద్ధికుణ్ణి దేవుడు మార్చిన వైనం అని ఇంకో పన్నెండు నిమిషాలు. బాపుని మళ్ళీ లేపుతారు. మళ్ళీ చప్పట్లు. నా పాపాన్ని వాళ్ళ చేతుల్లో పెడితే పండగ చేసి తిరిగిస్తారు. అది నాకొద్దు. ఇది కారణమా, సాకా? సగం సగం. ఏ సగం పెద్దదో నాకు తెలుసు.

నా పేరు రాయలేదు కాబట్టి బాపు పేరూ రాయలేదు. కాబట్టి ఈ కాగితం ఆయనకు దేనికీ పనికిరాదు. అది కూడా తెలుసు. మీరు క్షమించకండి, మీకా అధికారం లేదు. నన్ను మంచివాడినీ అనకండి. ఒక్కటే చేయండి, నమ్మండి. మా బాపు తాగలేదు. నేను అబద్ధమాడాను.

రాసేశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆడుతున్నది నాకు, ఆయనకు కాదు. అందుకే ఇంకా మండుతోంది.