సేటు కోసం నేను పెట్టిన ప్రార్థన మనవి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, నోటికాడికి వచ్చిన బువ్వను నా చేతులార నేనే పారగొట్టుకున్న దినం ఒకటి నా బతుకుల ఉన్నది, దాని గురించి చెప్పనీకే ఇయ్యాల మీ ముంగట నిలవడ్డ.

నా పేరు మార్త. మా అమ్మ, నాయిన నిజాంసాగర్ కాలువ కింద మంది పొలాలల్ల నాట్లేసి, కోతలు కోసి నన్ను డిగ్రీ చదివించిండ్రు. రెండు వేల ఎనిమిదిల బాన్సువాడల ఒక రైసుమిల్లు ఆఫీసుల కంప్యూటర్ పని దొరికింది. మా ఇంట్ల కుర్సీల కూసోని జీతం తీసుకున్నది నేనే మొదలు! ఇగ ఆగుతనా, నెట్ సెంటర్ల కూసోని, దోస్తులను కలిపే సైటుల ప్రొఫైల్ తెరిచిన, ఫోటో పెట్టిన, మిల్లు పేరు, ఊరు పేరు, ఫోన్ నంబరు అన్నీ పెట్టిన, పొద్దుమూకితే చాలు కొత్తగ ఎవరు దోస్తు అయిండ్రని చూసుకునుడే పని, బైబిలు పట్టే టైము గూడ దానికే పాయె.

మన సంఘంల ఎవరికన్న కష్టమైతే ఆదివారం లేసి నిలవడి, పేరు పెట్టి ప్రార్థన మనవి చెప్తం గద, నాకు గదే అలవాటు. మా మిల్లు సేటు ఇంట్ల ఒక బాధ ఉండె. ఒకనాడు సేటు భార్య నా చెయ్యి పట్టుకొని ఏడ్చి, "మీ దేవునికి చెప్పు బిడ్డా" అన్నది. నేనేం జేసిన్నో తెలుసా? ప్రొఫైల్ మీద రాసిన! సేటు పేరు పెట్టి, ఉన్నదంత రాసి, అందరు మోకరించుండ్రని రాసిన. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది, మంచిపని జేసిన్ననే అనుకున్న.

సేటు బిడ్డ పట్నంల ఇంజనీరింగు చదువుతుండె. హాస్టల్ పిల్లలు అది చదివి నవ్విండ్రట, ఆ పిల్ల సిగ్గుతోని చదువు ఇడిచిపెట్టి ఇంటికొచ్చింది. సేటు నన్ను పిలిచి ఒక్క మాట తిట్టలే, రేపటి సంది రావద్దన్నడు.

మూడు దినాలు అన్నం ముట్టలే సహోదరులారా. ముందుగాల్ల నౌకరి కోసమే ఏడ్చిన, అబద్ధమెందుకు. మూడో దినం నా నోట్లకెల్లి వేరే ప్రార్థన వచ్చింది: "ప్రభువా, నౌకరి పోతే పోనీ, ఆ పిల్ల తలెత్తుకొని మళ్ల చదువుకు పోవాలె." గా మాట నాది కాదు, ఆయన పెట్టిందే! లేసి నెట్ సెంటరుకు పోయి రాసిందంత తీసేసి, ప్రొఫైల్ గూడ మూసేసి, సీదా సేటు ఇంటికి పోయి ఆ పిల్ల ముంగట చేతులు జోడించిన.

సేటు ముంగటికి వచ్చిండు. "దేవునికి చెప్పమంటే ఊరికి చెప్తివి గదమ్మా, నువ్వొక్కదానివి చెప్తే ఆయనకు ఇనబడదా?" అన్నడు. ఆయన మన విశ్వాసి కాదు, అయినా ఆ నోటితోని ప్రభువే నన్ను గద్దించిండు.

వారం తిరుగకముందే ఆ పిల్ల కాలేజీకి పోయింది. నన్ను మళ్ల పనిల పెట్టుమన్నది గూడ ఆ పిల్లనేనట. దేవునికే మహిమ! ఇయ్యాల మిల్లు బీరువ తాళాలు నా కొంగుకే ఉంటయి, మార్త చేతికిచ్చిన కాయిదం బయటికి పోదని సేటు పదిమందిల చెప్తడు. గర్వంగనే చెప్తున్న, ఎందుకంటే ఇది నా గొప్ప కాదు, తలుపేసుకొని మోకరించుడు నాకు నేర్పిన దేవుని గొప్ప.

చర్చి బయట కొందరు అక్కలు మెల్లగ అడుగుతరు, సేటుకు ఏం బాధ ఉండె, తీరిందా అని. నేను చెప్ప. అది ప్రభువుకెర్క. మీ కడుపుల గూడ ఏ బాధ ఉన్నా నా దేవునికి చెప్పుకొని చూడుండ్రి. ఆయన ఇంటడు, ఇంకొకలకు చెప్పడు.