రత్నమ్మక్క చూడని గెలుపు

దెయ్యమనీ గాలి సోకిందనీ నా దగ్గరికి వచ్చినవాళ్లను నేనెప్పుడూ మందలించే పంపాను. పుంగనూరులో క్రైస్తవుల ఇంట్లో పుట్టి, నర్సుగా శవాల పక్కన ఒంటరిగా కూర్చున్నదాన్ని. అవేవీ నేను నమ్మను. కానీ రత్నమ్మక్క పేక ఆట నేనే ముగించానని ఇన్నేళ్లుగా అందరూ నవ్వుతూ అంటుంటే ఒళ్లు మండుతుంది. నేను ఆ ముక్కలు ముట్టుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. మదనపల్లెలో ఒక ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు. కుప్పంలో అంగడి నడిపే రత్నమ్మక్క కడుపులో గడ్డతో వచ్చి చేరింది. వస్తూ పేకకట్ట తెచ్చుకుంది. పెళ్లికాక ముందు కోలారు గనుల్లో ఒక దొరసాని ఇంట్లో పనిచేస్తూ, ఒక్కరే ఆడుకునే ఆట నేర్చుకుందట. మా ఇళ్లలో పేక ముట్టడమే పాపం. అయినా పని తెమిలాక ఆమె పక్కన నిలబడి చూసేదాన్ని.

చెప్పడానికి సులువే. ముక్కలన్నీ ఎడమ నుంచి కుడికి వరసగా పరవాలి. ఒక ముక్కను దాని ఎడమ పక్క ముక్క మీదికిగానీ, ఎడమవైపు మూడోదాని మీదికిగానీ ఎక్కించొచ్చు. ఇస్పేటుకు ఇస్పేటు, ఏడుకు ఏడు అన్నట్టు జాతిగానీ అంకెగానీ కలవాలి. కుప్ప అయితే మొత్తంగా ఎత్తాలి, దానికి పైముక్కే లెక్క. ఖాళీ వస్తే వరసను దగ్గరికి జరపాలి. చివరికి అంతా ఒకే కట్ట కావాలి. కలిసింది కదా అని తొందరపడితే తర్వాత దారి మూసుకుపోతుంది. ఇన్నేళ్లలో అక్కకు ఒక్కసారీ ఒకే కట్ట కాలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున బల్ల మీద కొన్ని కుప్పలే మిగిలాయి. అంతలో ఆమెను తీసుకెళ్లడానికి వచ్చారు.

"దీన్ని ఎవురూ ముట్టగూడదమ్మా. ఈసారి దారి ఉండాది. నేనే వచ్చి ముగిస్తా," అంది.

"నేను ఈడే ఉంటాలే అక్కా," అన్నాను.

ఉన్నాను కూడా. కట్లు కట్టే గుడ్డ చుడుతూ బల్ల పక్కనే కూర్చున్నాను. దుమ్ముకు కిటికీలు మూసే ఉన్నాయి. పక్కమంచం మీది బైరెడ్డిపల్లె అవ్వ నీళ్లడిగితే, అటు తిరిగి తాగించాను. ఇటు తిరిగేసరికి కుప్పలు లేవు. బల్ల ఎడమ కొసన ఒకే ఒక కట్ట, అంచులు సరిచేసినట్టుగా ఉంది.

"ఎవురూ రాలేదమ్మా," అంది అవ్వ.

గాలి అన్నారు. గాలి ముక్కలను నేలమీద చెదరగొడుతుంది కానీ, ఇస్పేటును ఏరి ఇస్పేటు మీద పెడుతుందా? డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. మేట్రన్ అయితే, సరదాకు చేశానని ఒప్పుకోమంది.

మత్తు పూర్తిగా దిగాక రత్నమ్మక్క బల్లవైపు చూసింది.

"నేను లేకుండా యాల ముగించినావు?"

"నేను ముట్టలేదక్కా."

"గెలిచేది ఒక్కసారి నా కండ్లతో సూడాల అనుకుంటిని," అని గోడవైపు తిరిగింది. ఆ తర్వాత నా చేతి మందు కూడా తాగలేదు. ఆమె పక్క తుడిచింది నేను, వాంతులు ఎత్తింది నేను. చివరికి అబద్ధాలకోరునూ నేనే అయ్యాను.

ఆపరేషన్ గదిలో పనిచేసే సుగుణ ఆ గొడవ విని నన్ను పక్కకు పిలిచింది. మత్తులో ఉండగా రత్నమ్మక్క కుడిచెయ్యి దుప్పటి మీద ఏదో ఎత్తి ఎడమవైపు పెడుతూనే ఉందట. పట్టుకున్నా ఆగలేదట. కాసేపటికి తనంతట తానే నిలిచిపోయిందట.

పరుగున వెళ్లి అక్కకు చెప్పాను. నమ్ముతుందనీ, మనసు కుదుటపడుతుందనీ అనుకున్నాను. ఆమె తన కుడిచేతిని తిప్పి చూసుకుంది.

"అయితే గెలిచింది నేనే. నాకు సూపించకుండా నీకు సూపించినాడా దేవుడు?"

"నాకూ సూపించలేదక్కా. నేను అటు తిరిగి ఉంటిని."

ఆమె మళ్లీ గోడవైపు తిరిగింది. కుప్పం బస్సెక్కేటప్పుడు కూడా నావైపు చూడలేదు. మా ఇద్దరిలో ఎవరూ చూడని ఆ ఆట ఎవరి చెయ్యి ముగించిందో ఈనాటికీ నాకు తెలియదు.