రంగు కింద ఉన్న చెల్లెలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో శనివారమంటే చర్చి. పూజలూ వ్రతాలూ చేసుకునేవాళ్ళమే, అయినా చర్చికే. డెబ్భైల చివర మాట, టెక్సాస్‌లో. మా నాన్న యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పేవారు. రెండు గంటల దూరంలో ఒక పాత చెక్క చర్చి ఉండేది. లోపల గోడల నిండా దేవదూతలు, ద్రాక్షతీగలు, ఎప్పుడో వలస వచ్చిన రైతులు వేసుకున్న బొమ్మలు. వాటిని గోరు కూడా తగలకుండా పరీక్షించడం నాన్న పని. మన కంటికి ఆనని వెలుతురును పట్టే ఫిల్ముతో ఫోటో తీస్తే, పై రంగు వెనక మొదట గీసిన బొగ్గు గీతలు బయటపడేవి.

ఆ చర్చి తాళాలు ఒక ముసలావిడ దగ్గరుండేవి. ముప్పై ఏళ్ళుగా ఊడ్చేదీ, కొవ్వొత్తులు వెలిగించేదీ ఆవిడే. అక్కడ బొమ్మలు వేసినవాళ్ళలో ఆవిడ తండ్రి ఒకడు. జ్వరంతో పోయిన తన చిన్న కూతురి ముఖాన్ని మెట్ల పక్కనున్న దేవదూతకి పెట్టి గీశాడట. ఆ పిల్లకి ఒక్క ఫోటో కూడా లేదు. తర్వాతెప్పుడో గోడ చెమ్మెక్కితే, మరమ్మతు చేసినవాళ్ళు ఆ ముఖం మీద కొత్త ముఖం వేసేశారు. చెల్లెలు కింద మిగిలి ఉందా, చచ్చేలోగా ఒక్కసారి చూడగలనా అని ఆవిడ ఆశ. అందుకే చర్చి కమిటీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పరీక్షకి ఒప్పించింది. వాళ్ళ షరతు ఒక్కటే: పరీక్షకి వచ్చినవాళ్ళ చెయ్యి గోడ మీద పడిందా, ఆ రోజుతో పరీక్ష ఆఖరు.

"గోడని టచ్ చేశావో, వీపు విమానం మోతే!" అని నాన్న ప్రతి వారం కార్‌లోనే చెప్పేవారు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజు నాన్న లైట్లు తేవడానికి కార్ దగ్గరికి వెళ్ళారు. ఆ మెట్ల పక్క దేవదూత పాదాలు సరిగ్గా నా ఎత్తులో ఉన్నాయి. దేవుడి బొమ్మ కనిపిస్తే పాదాలు తాకి కళ్ళకద్దుకోవడం అమ్మ ఉగ్గుపాలతో నేర్పిన అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. పొర లేచి ఉన్న రంగు అప్పడంలా చిట్లి, మోకాలి దాకా రాలిపోయింది. ముసలావిడ చీపురు పట్టుకుని అక్కడే ఉంది. అంతా చూసింది.

అంతలో నాన్న, ఆయన వెనకే కమిటీ పెద్దమనిషి వచ్చారు. ఆయన గోడ చూశాడు, నాన్నని చూశాడు, ముఖం కందగడ్డలా అయింది. నేను రంగంటిన వేళ్ళు గౌను జేబులో దాచుకున్నాను.

"నేనే. బూజు దులుపుతుంటే చీపురు తగిలింది," అంది ముసలావిడ.

ఆయన తాళాల కోసం చెయ్యి చాపాడు. ఆవిడ నడుముకున్న తాళాల గుత్తి విప్పి ఇచ్చేసింది. నాన్న, పాపం, ఆవిడ మాట నమ్మేశారు. తప్పు మాది కాదు గనక పరీక్ష ఆగలేదు.

మూడు వారాలకి ఫోటోలు సిద్ధమయ్యాయి. రెక్కల్లో బొగ్గు గీతలున్నాయి, చేతుల్లో ఉన్నాయి. ముఖం కింద ఏమీ లేదు. మరమ్మతువాళ్ళు పాత రంగంతా చెక్కి పారేశాకే కొత్తది పూశారు. అదే చెప్పడానికి నాన్న ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఏదో ఒక గీత చూపించి ఇదే మీ చెల్లెలు అనెయ్యకూడదా అని నాకనిపించింది. నాన్న అలాంటి మనిషి కాదు. నేను మాత్రం కార్ దిగలేదు.

నాన్న తిరిగొచ్చి కార్ ఎక్కారు. "ఏడవలేదమ్మా ఆవిడ. నీ స్కూల్ ఎలా ఉందని అడిగింది," అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. ఛీ, చెప్పలేదు. ఆ చలికాలం ఆవిడ పోయింది.

పరాయి పిల్ల తప్పును నెత్తినేసుకునే మనుషులుంటారని నాకు తెలిసింది ఆవిడ వల్లే. ఇవాళ్టికీ మనవలు ఏం పగలగొట్టినా నా నోట తిట్టు రాదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా, తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందిలెండి అంటారు. నాకు తెలుసు. ఆ గుత్తి ఆవిడ చేతిలోంచి ఆయన చేతిలోకి వెళ్తుంటే, నేను నోరు తెరిస్తే చాలు, ఆగిపోతుందని కూడా తెలుసు.