మా వంటింటి ప్రెస్సులో రెక్కల కొండ

అమెరికా ఎడారిలో, ఆగిపోయిన ఓడలా నిలబడ్డ ఒక నల్లకొండ ఉంది. ఒకప్పటి అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన లావా అది. చుట్టూ ఉన్న మట్టంతా కొట్టుకుపోయి గొంతు మాత్రం మిగిలింది. తెల్లవాళ్ళు దాన్ని షిప్‌రాక్ అంటారు. ఆ నేల సొంతదారులైన నవహో జనం తమ భాషలో రెక్కల రాయి అంటారు. నేను దాన్ని ఎక్కాను. చెప్పులు విప్పి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, ఒక్కణ్ణే శిఖరం చేరాను. దిగి వస్తుంటే ఆ జాతి పెద్దాయన ఒకాయన నా ధైర్యానికి మెచ్చి, తన చేత్తో ఒక నల్లరాయి తీసి నా దోసిట్లో పెట్టాడు.

చాలా ఏళ్ళు ఈ కథ ఇలాగే చెప్పాను. నేను ఎక్కలేదు. దాని దరిదాపులకు కూడా పోలేదు. బాయిలర్ల శిక్షణకని మా థర్మల్ స్టేషన్ వాళ్ళు మమ్మల్ని ఆ వైపు ఒక విద్యుత్కేంద్రానికి పంపారు. వ్యాన్లో పోతుంటే దూరంగా కనబడేది, పొద్దున నీలంగా, ఎండెక్కాక నల్లగా. ఒకసారి దగ్గరికి పోనిమ్మని డ్రైవరుతో దెబ్బలాడాను. లేదు, అదీ కోతే. ఆ దారంతా నిద్రపోయేవాణ్ణి.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున గుర్తొచ్చింది, మా ఆవిడకి ఏమీ కొనలేదని. మేం దిగిన మోటెల్ ముందు, కార్లు నిలిపే చోట, పూలమొక్కల చుట్టూ నల్లటి గులకరాళ్ళు పోసి ఉన్నాయి. నిమ్మకాయంత నున్నటిదొకటి ఏరి జేబులో వేసుకున్నాను. విమానం ఎక్కాక దానికి కథ కుట్టాను.

మా ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది. పసుపు నీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. నెల తిరిగేసరికి మరిచిపోతుందిలే అనుకున్నాను. మరవలేదు. అమ్మాయి దగ్గరికి ఐర్లండు వచ్చేసినప్పుడు పెట్టెలో వెయ్యడానికి మనసొప్పక చేతిసంచీలో పట్టుకొచ్చింది. ఇక్కడ నేస్ అనే ఊళ్ళో అమ్మాయి ఇంటికి దేవుడి గది లేదు. వంటింటి అల్మరాలో, ఇక్కడివాళ్ళ మాటలో ప్రెస్సులో, కప్పుల పైన ఉన్న అర దేవుడిదైంది. అగరొత్తి వెలిగిస్తే పొగ అలారం గోల పెట్టేది. అందుకని వెనక తలుపు బార్లా తీసి, స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని, గజగజలాడుతూ పూజ చేసేది.

కరోనా వచ్చిన ఆ వసంతంలో డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదన్నారు. దానికి వీళ్ళు పెట్టిన ముద్దుపేరు కకూనింగ్, పట్టుపురుగులా గూట్లో ఉండిపోవడం. మనవరాలి బడి కంప్యూటర్లోకి వచ్చేసింది. ఒకరోజు పాఠం నవహోల గురించి. అక్కడ కుళాయి లేని ఇళ్ళు చాలా ఉన్నాయనీ, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేని ఊళ్ళలో జబ్బు ఇళ్ళకిళ్ళను పట్టేస్తోందనీ టీచరు చెబుతోంది. వెనక ఆలుగడ్డ పంట కుళ్ళి ఇక్కడ కరువొచ్చినప్పుడు అమెరికాలోని మరో ఆదిమజాతి తమకు చేసిన సాయం తలుచుకుని ఐర్లండు జనం ఇప్పుడు వీళ్ళకు సాయం పంపుతున్నారట. ఇంతలో తెరమీదకి కొండ బొమ్మ వచ్చింది.

"అదిగో, నేనెక్కిన కొండ!" అన్నాను.

"నో యూ డిడ్న్ట్, తాతా. యూ కాంట్ క్లైంబ్ ఇట్. ఇట్స్ సేక్రెడ్, లైక్."

"మీ అమ్మ పుట్టినప్పటి సంగతి. అప్పట్లో ఎక్కనిచ్చేవాళ్ళు."

"దే డిడ్ నాట్!"

మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏంటమ్మా అంటున్నావు?"

మనవరాలు తన వచ్చీరాని తెలుగు కూడదీసుకుంది. "అమ్మమ్మా, ఆ రాక్ వాళ్ళ గాడ్. బిగ్ బర్డ్. వాళ్ళని మోసింది. స్టోన్స్ తీస్కోకూడదు."

మా ఆవిడ ప్రెస్సు వైపు చూసింది. తరవాత నా వైపు.

"ఏమండీ, పెద్దాయన ఇచ్చాడన్నారుగా?"

"ఇచ్చాడే! చేత్తో ఇచ్చాడు."

"ఎవరూ ఎక్కకూడని కొండ ఎక్కితే తంతారు గానీ రాయిస్తారా?"

"నా మొహం చూసి ఇచ్చాడు."

ఈ మాటకి ఎప్పుడూ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. మర్నాడు తలుపు తీసి, చలిలో నిలబడి, రాయికి బొట్టు పెట్టకుండానే వచ్చేసింది.

ఆ వారంలోనే ఆమెకు జ్వరం, తరవాత ఆయాసం. అంబులెన్సు వాళ్ళు చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంటే నా చొక్కా పట్టుకుంది. "దాన్ని వాళ్ళకి పంపించెయ్యండి. పరాయివాళ్ళ దేవుణ్ణి కడిగి కడిగి అరగదీశాను. ఇదంతా అందుకే." వెంట ఎవర్నీ రానివ్వలేదు.

సాయంత్రాల్లో ఒక నర్సు ట్యాబ్ పట్టుకుంటే తెరమీద చూసుకోవాలి. ఎలా ఉందని అడిగితే "షీ ఈజ్ గ్రాండ్" అనేది. నేను బంధువులందరికీ ఫోన్లు చేసి బ్రహ్మాండంగా ఉందన్నాను. అమ్మాయి విని తల పట్టుకుంది. "నాన్నా, ఇక్కడ గ్రాండ్ అంటే ఏదో పర్లేదని."

మా ఆవిడ నన్ను తిన్నారా అనలేదు, మందులు వేసుకున్నారా అనలేదు. ముక్కుకు గొట్టాలతో, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, రోజూ ఒకటే అడిగేది. "పంపారా?"

"పోస్టు చేసేద్దాం నాన్నా, అమ్మ మనసు కుదుటపడుతుంది" అంది అమ్మాయి. చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ అవతల ఇళ్ళలో శవాలు లేస్తున్న జనానికి మోటెల్ గులకరాయి పంపి, ఇదిగో మీ దేవుడని చెప్పడానికి నాలాంటివాడికి కూడా సిగ్గేసింది. ఇక మిగిలింది నిజం చెప్పడమే. దేవుడు పోయినా భయం పోతుంది గదా అనుకున్నాను.

అమ్మాయిని గదిలోంచి పంపేసి చెప్పాను. "ఇదిగో, విను. ఆ రాయి కొండది కాదు. మోటెల్ ముందర పూలమొక్కల దగ్గర ఏరాను. నేను కొండెక్కలేదు, ఏ పెద్దాయనా లేడు. నీకేం కొనలేదని కట్టిన కథ. నువ్వు ఎవరి దేవుణ్ణీ తేలేదే."

ట్యాబ్ పట్టుకున్న నర్సు కళ్ళొత్తుకుంది, అని రాయబోయాను. ఆమెకి తెలుగు ముక్క రాదు. పక్క మంచం దగ్గర ఏదో మోగుతుంటే అటు చూస్తోంది.

మా ఆవిడ ముక్కు గొట్టం సర్దుకుంది. "బాగా కట్టారు" అంది.

"కట్టలేదే! నీమీద ఒట్టు."

"మీ ఒట్లు నాకు తెలీవూ?" దగ్గొచ్చింది, ఆగింది. "నా భయం పోవాలని అంటున్నారు. అది వాళ్ళదేనండీ. ఇన్నేళ్ళు చేత్తో పట్టుకున్నాను, నాకు తెలీదా?"

మొహం గోడవైపు తిప్పుకుంది. నర్సు ఇక చాలన్నట్టు చెయ్యూపింది.

మర్నాడు మళ్ళీ తెరమీదకి వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. "పంపారా?"

"పంపాను."

ఇక నాకు తెలిసిన పని. నువ్వెళ్ళిన రోజే కొరియర్లో పంపేశాను, చేరేదాకా చెప్పకూడదనుకున్నాను, నీ పట్టు రవికెల గుడ్డలో చుట్టి, కుంకం పొట్లం కూడా పెట్టాను, ఇవాళే ఫోనొచ్చింది, ఒక పెద్దావిడ రెండు చేతులా అందుకుని తీసుకెళ్ళి కొండ మొదట్లో పెట్టిందట. ఒక్కచోట కూడా తడబడలేదు.

"ఏమంది?"

"బాగా చూసుకున్నారంది. నీమీద కోపం లేదంది."

కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "దగ్గర్నుంచి చూస్తే రెక్కలు కనబడతాయా?"

నాకేం తెలుసు? "కనబడతాయి" అన్నాను.

ఆ మర్నాటి నుంచి ట్యాబ్ రాలేదు, నర్సు ఫోన్లే వచ్చాయి. ఆ వారం దాటలేదు. దహనానికి మాస్కుల్లో దూరం దూరంగా నిలబడ్డవాళ్ళం చేతివేళ్ళకు సరిపోయాం. రాయి ప్రెస్సులోనే ఉంది. అమ్మాయికి నిజం చెప్పాను, విమానాలు తిరగ్గానే తీసుకెళ్ళి వాళ్ళకే ఇచ్చేద్దామంటోంది. నన్ను ఆమె కూడా నమ్మలేదు.

ఆఖరి మాటలేమిటని బంధువులు ఫోన్లో అడిగితే, నవ్వుతూ అన్నీ క్షమించి పోయిందని చెప్పాను. అలా జరగలేదు. నిజం చెప్పినప్పుడు నాకు వీపు చూపించింది. అబద్ధం చెప్పిన సాయంత్రం, రెక్కల సంగతి విన్నాక, "థాంక్సండీ" అంది. పెళ్ళయ్యాక ఆ మాట నాతో అనడం అదే మొదలు. ఇక్కడ బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవరుకి చెబుతుంటే విని నేర్చుకుంది.

"సరేలే" అన్నాను. నర్సు ట్యాబ్ తిప్పి పక్క మంచానికి పట్టుకెళ్ళింది.