చిన్నాయన గాలం కట్టె

పోయిన నెల హిందూపురం నుంచి ధర్మవరం పోతుంటే, పెనుకొండ బస్టాండులో ఒకాయన పొడవాటి గుడ్డసంచి పట్టుకుని బస్సెక్కాడు. అది ఒకరి తలపాగాకు, ఇంకొకరి చెవికి తగిలాక కండక్టర్ ఊరుకోలేకపోయాడు. "ఏమప్పా, యాడికి పోతాండావు, యుద్ధానికా?" అన్నాడు. "గాలం కట్టెబ్బా. చెరువు నిండుండాది గదా," అన్నాడాయన, సంచిని పసిబిడ్డలా ఒళ్లో సర్దుకుంటూ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, మనసు మా చిన్నాయన మీదికి పోయింది. సముద్రం మొహం ఎరగని మా సీమలో, చేప ముట్టని మా ఇంట్లో, ఒక గాలం కట్టె ఎంచుకోవడానికి మేము పడిన తంటాలు గుర్తొచ్చాయి.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గంలో కూర్చుంటే చేయి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు; ఆయన కబుర్లు వీధి చివరిదాకా వినబడేవి. అలాంటి మనిషికి కుడిపక్క పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే స్వాధీనమైంది. మాటా వచ్చింది, ఆయనే మాట్లాడడం మానేశాడు. కుడిచేయి మాత్రం ఎవరిదో వస్తువులా ఒళ్లో పడి ఉండేది. చేతికి పని చెప్పమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్నా సంటిపిల్లోన్నా?" అని దాన్ని మంచం కిందికి దొర్లించాడు. చిన్నమ్మకు సాయంగా ఉందామని నేను బడికి సెలవు పెట్టి పోయేసరికి, ఆయన మగ్గానికి వీపు పెట్టి గోడను చూస్తూ కూర్చున్నాడు. చిన్నమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "తిట్టినా బాగుండు పాపా, ఈ మనిషి ఇట్లా ఊరికే ఉండేది సూడలేకపోతాండా," అంది.

నడిపించమన్నారు కదా అని పొద్దున్నే ఆయన్ని చెరువుకట్ట మీదికి తీసుకెళ్లేదాన్ని. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కట్ట నుంచి తూము దాకా నీళ్లలోకి ఒక రాతి దారి ఉండేది. దాని చివర నిలబడి కొందరు గాలం వేసేవాళ్లు. ఎర లేదు, బెండు లేదు. దారం కొసన మెరిసే లోహపు చేపను కట్టి నిట్టనిలువుగా నీళ్లలోకి వదలడం, మణికట్టుతో ఎగరేయడం, మళ్లీ వదలడం. గంటలకొద్దీ అదే పని. నాకు ఆవలింతలు వచ్చేవి, చిన్నాయన మాత్రం రెప్ప వేసేవాడు కాదు. ఒకనాడు, "సూడు పాపా, మగ్గంలో నాడె ఇసిరేదానికి తాడు గుంజినట్టే ఉండాది," అన్నాడు. జబ్బుపడ్డాక ఆయన తనంతట తానుగా ఆడిన మొదటి మాట అది. ఇంటికొచ్చాక ఇంకొకటి అన్నాడు. "నాకొకటి కావల్ల."

చిన్నమ్మ అదిరిపడింది. "మనింట్లో చేపలా! పైనున్న మీ అమ్మ ఇంటే కిందికి దిగొస్తాది."

"తినేదానికి కాదులేమ్మే. పట్టి ఇడిసేస్తా."

"ఇడిసేదానికి పట్టేదెందుకు?"

చిన్నాయన అప్పటికే చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

హిందూపురంలో గాలాలు అమ్మే అంగడికి బస్సులో పోయాం. అంగడాయన మొదట మనిషికి రెండింతలున్న కట్టె తీశాడు. అది గట్టు మీంచి దూరంగా విసిరేవాళ్లకు పనికొస్తుంది గానీ, కిందికి వదిలి ఎగరేసేవాళ్లకు చేయి పడిపోవడానికి దాని బరువే చాలు. చిన్నాయన దాన్ని ఎత్తలేక నేలకు ఆనించాడు. అంగడాయన ఏమీ అడగకుండా స్టూలు వేసి, "నిదానంగా సూడప్పా, నాకేం తొందర లేదు," అన్నాడు. రెండోది తేలిక, కానీ మరీ మెత్తన. ఎగరేస్తే కట్టె వంగి దండం పెట్టేది తప్ప, దారానికి కట్టిన సీసం నేల వదిలేది కాదు. మూడోది పొట్టిది. నడుము గట్టిది, కొస మాత్రం చిన్న తాకిడికే కదిలేది. దారం చివర నా చేతికిచ్చి గుమ్మం దాకా పొమ్మన్నారు. నేనే చేపను. చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. వేలితో కొద్దిగా లాగాను.

"తెలిసింది. ఇంగా మెల్లగా లాగు."

ఊపిరి బిగబట్టి, దారం కదిలీ కదలనట్టు లాగాను.

"తెలిసింది పాపా," అన్నాడు. మొద్దుబారిందని మేమంతా వదిలేసిన చేయి అది.

పిడి నున్నగా ఉండి చేతిలో జారుతోందని ఇంటికొచ్చాకే తేలింది. మర్నాడు పొద్దున చూస్తే దాని చుట్టూ నూలుతాడు దగ్గరదగ్గరగా, ముడి కనబడకుండా చుట్టి ఉంది. చిన్నమ్మ వేళ్లకు ఇంకా నూలుపోగులు అంటుకునే ఉన్నాయి.

చాలా రోజులు చేపలు ఆయన్ని లెక్కచేయలేదు. ఒకసారి కట్టె చేయి జారితే పక్కాయన ఒడిసిపట్టాడు. ఆ తర్వాత ఒక పొద్దున కొస గట్టిగా వంగింది. నలుగురూ సాయానికి పరిగెత్తారు. "ఎవురూ ముట్టొద్దండి!" అని అరిచాడు చిన్నాయన. ఎడమచేత్తో రీలు తిప్పుతూ, వణికే కుడిచేత్తో కట్టెను కడుపుకు ఆనించుకుని పైకి లాగాడు. తీరా వచ్చింది అరచేయంత జిలేబి చేప. ఆయన పకపకా నవ్వి, కొక్కెం తీసి దాన్ని నీళ్లలోకి వదిలాడు. సద్దిపెట్టె పట్టుకుని అప్పుడే వచ్చిన చిన్నమ్మ, "అయ్యో, అంత కష్టపడి పట్టి ఇడిసేస్తివే!" అంటూ ఆ రాళ్ల మీదే కూలబడి కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

చిన్నాయన మళ్లీ నేయలేదు. మగ్గం ఇంకొకరి ఇంటికి పోయింది. కానీ తన అన్నం తానే కలుపుకున్నాడు, తన చొక్కా బొత్తాలు తానే పెట్టుకున్నాడు, కడదాకా వీధికి కబుర్లు చెప్పాడు. ఇప్పుడు చిన్నాయనా లేడు, చిన్నమ్మా లేదు. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, ఆ ఏడాది మాత్రం అది మా ఇంటి గడపలో కూర్చుని, ఒక మనిషి తన బొత్తాలు తాను పెట్టుకునేదాకా ఓపిగ్గా చూసిందనే నా నమ్మకం.