చేదాకు బాబా, చెడిపోయిన చేపలు

ఊళ్లో పెద్దాయన లాయిపో బాబాకి ఒకటే జబ్బు. ఏ ఇంట్లోనైనా చేదాకు పిండుతున్నారని తెలిస్తే చాలు, బకెట్టుతో వాలిపోతాడు. నైజీరియాలోని ఈ ఎపే ఊళ్లో ఆడవాళ్లు కూరకి ముందు చేదాకుని నీళ్లలో రుద్ది, పిండి, ఆ నురగనురగల పచ్చనీళ్లు దొడ్లో పారబోస్తారు. బాబాకి అవి అమృతం. మేతలో కలిపితే చేపకి ఆకలి రేగుతుందని, ఏపుగా ఎదుగుతుందని ఆయన నమ్మకం.

"పారబొయ్యకమ్మా, నా పిల్లలకి పొయ్యి" అంటాడు గుమ్మంలో నిలబడి. పిల్లలంటే చెరువులో క్యాట్‌ఫిష్‌లు. సొంత పిల్లలు అన్నం తిన్నారో లేదో ఏనాడూ అడగలేదని భార్య సాధింపు.

పైగా ఏదైనా తను రుచి చూశాకే చేపలకి. ఓ పెళ్లిలో జేబులోంచి మేత ఉండ తీసి కొరికి, పక్కనున్న పెళ్లికొడుకు మేనమామకి సగం ఇచ్చాడు. ఆయన మర్యాదకొద్దీ నమిలి, "ఉప్పు తగ్గింది" అన్నాడు. "అదే నా అనుమానమూను" అని బాబా పెళ్లి మధ్యలోనే చెరువుకి పరిగెత్తాడు.

పక్కింటి ఇయా దున్నికి, అంటే దున్ని వాళ్లమ్మకి, ఆ బకెట్టు చప్పుడంటే ఈమధ్య గుండె దడ. రోడ్డు తవ్వేశాక ఆమె అకారా గారెల బండికి గిరాకీ పోయింది. తల్లీ కూతుళ్లు గరి అనే కర్రపెండలం పిండి చన్నీళ్లలో నానేసుకుని తాగుతున్నారు. పొయ్యి వెలగడం లేదని వీధిలో తెలిస్తే ఆమెకి తలవంపులు.

ఆ సాయంత్రం బాబా రానే వచ్చాడు.

"ఏమ్మాయ్, మీ ఇంటి చేదాకు నీళ్లు చూసి ఎన్నాళ్లయింది?"

"పిండుతున్నా బాబా, ఉండండి" అనేసింది నోరు జారి.

దొడ్లోకెళ్లి బొప్పాయి ఆకులు కోసి కసకసా రుద్దింది. రంగొచ్చింది, చేదొచ్చింది. నురగ మాత్రం రాలేదు. అటూ ఇటూ చూసి, బట్టల సబ్బుముక్క ఓసారి ముంచి తీసింది.

బాబా అలవాటు ప్రకారం దోసిలి పట్టి తాగాడు. ఆయన మొహం ఒక్క క్షణం బిగుసుకుపోయింది. పెదవి చివర ఓ బుడగ లేచి, మెరిసి, టప్పున పేలింది.

"ఈసారి ఆకు లేతది" అని బకెట్టు పట్టుకుని గంభీరంగా వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి మళ్లీ గుమ్మంలో ఉన్నాడు. బకెట్టులో ఓ చేప తపతపా కొట్టుకుంటోంది.

"వీణ్ణి తీసుకోమ్మా. నీ నీళ్లు తాగి రౌడీ అయ్యాడు. తోటివాళ్లని మింగేస్తున్నాడు."

క్యాట్‌ఫిష్ చెరువుల్లో అది మామూలే. బాగా ఎదిగినవాడు చిన్నవాళ్లని తినేస్తాడు, వాణ్ణి ఏరి బయటికి తియ్యాల్సిందే. కానీ ఈ రౌడీ మోచేతి పొడుగైనా లేడు.

"ఇంతవాడు ఎవర్ని మింగాడు బాబా?"

"పేర్లు అడగలేదమ్మా." సంచిలోంచి ఓ పెద్ద పెండలం దుంప కూడా తీశాడు. "ఇది వీణ్ణి కొట్టడానికి తెచ్చింది. ఇంక నాకెందుకు, నువ్వే ఉంచు."

మర్నాడు ఇంకో రౌడీ. ఆ మర్నాడు ఇంకొకడు, వాణ్ణి కొట్టడానికి తెచ్చిన పామాయిల్ సీసాతో సహా. తన చేపలు బరితెగించాయని బాబా వీధంతా చాటుకున్నాడు. "పిచ్చెక్కింది చేపలకి కాదు, నీకు" అని జనం ఆయన్ని చూసి నవ్వారు. ఇయా దున్ని పొయ్యి సంగతి అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

రోడ్డు పూడ్చి ఆమె బండి మళ్లీ వీధిలోకి వెళ్లే రోజున కూడా బాబా బకెట్టుతో తయారు.

"బాబా, మీ చెరువులో బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా?"

"ఉండేవాళ్లమ్మా. నీ నీళ్లు తాగాకే చెడిపోయారు."

"అయితే ఇవాళ కూడా కాసిని పొయ్యనా?"

బాబా రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు తల్లీ. కడుపులో మొన్నటి నురగే ఇంకా చల్లారలేదు."