తొంభైగారి సగం వాక్యం

ఆయనను నేను తొలిసారి కలిసినది మార్చి పదకొండవ తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు. ఆకాశం నిర్మలం, పడమటి గాలి స్వల్పం. విమానాశ్రయ భద్రతా విభాగంలో గస్తీ నివేదికలు రాసే ఉద్యోగం నాది గనుక ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆయనలోని విడ్డూరం ఒక్కటే. తలపైన విమానం లేచిందంటే చాలు, మాట్లాడుతున్న వాక్యాన్ని మధ్యలో నిలిపివేసి, తొంభై వరకు లెక్కపెట్టి, "దాటింది" అని, తెగినచోటు నుంచే మళ్లీ అందుకునేవారు.

"నమస్కారమండీ, నేను కొత్తగా వచ్చిన..." అని ఆనాడు కిటికీ వైపు తిరిగారు. నేను లేచాను, కూర్చున్నాను, కలంలో సిరా నింపుకున్నాను.

"దాటింది. గస్తీ అధికారినండీ!"

భుజం మీద పెట్టుకుని పేల్చే క్షిపణితో ఎవరైనా విమానాన్ని కూల్చకుండా, విమానాలు లేచే దారి కింద ఉన్న మేడలూ గోదాములూ పొదలూ గాలించడం ఆయన పని. నేల విడిచిన విమానం ఆయన హద్దు దాటడానికి తొంభై అంకెలు పట్టేది. ఆపైన పక్క దళం వారి పూచీ. ఆఫీసంతా ఆయనను తొంభైగారనే పిలిచేది.

ఒకసారి డాక్టరు ఊపిరి బిగబట్టమన్న క్షణంలోనే విమానం లేచింది. తొంభై వచ్చేదాకా ఈయన ఊపిరి వదలలేదు. చెమటలు మాత్రం డాక్టరుకు పట్టాయి. మరోసారి మా బావమరిది తాను కొత్తగా కట్టించిన మేడ చూపిస్తే, "అద్భుతమండీ! ఇక్కణ్ణుంచి ఏ విమానాన్నయినా కొట్టెయ్యొచ్చు" అని మెచ్చుకున్నారు. బావమరిది నాతో నెల రోజులు మాట్లాడలేదు.

దారి కింద ఉన్న ప్రతి మేడలోనూ ఒకరిని మచ్చిక చేసుకుని, పొడవాటి గొట్టంతో కొత్తవారు కనబడితే ఫోను చేయమని చెప్పిరావడం ఆయన పద్ధతి. అలాగే ఒక మేడమీది గదిలో బట్టలు కుట్టే ఆవిడ దగ్గరకు వెళ్లారు. భర్త పోయి చాలా ఏళ్లయిన మనిషి. అక్కడున్న గుడ్డచుట్ట ఒకటి భుజానికెత్తుకుని, గురి ఎలా చూస్తారో, విమానం ఎలా కూలుతుందో సవిస్తరంగా అభినయించారు. ఆవిడ కుట్టుమిషను పట్టుకుని కూలబడింది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు రోజూ నాలుగూ పది విమానంలో ఎయిర్‌హోస్టెస్. ఆ సంగతి ముందుగా అడగాలని ఈయనకు తోచలేదు.

మరునాటి నుంచి సరిగ్గా నాలుగూ అయిదుకు ఆ మేడమీద హాజరు. విమానం లేచేది. మిషను ఆగేది. ఈయన తొంభై లెక్కపెట్టి "దాటింది" అనేవారు.

"ఆ తర్వాత?" అని ఆవిడ.

"పక్క దళం చూసుకుంటుందండీ. వాళ్లూ మంచివాళ్లే."

అలా ఆరు నెలలు గడిచాక, ఒకనాడు ధైర్యం చేసి, "నేను మిమ్మల్ని..." అన్నారట. విమానం లేచింది. తొంభై అయింది. ఆవిడ ముఖం తేటపడింది. ఈయన జీవితంలో వెంటనే అందుకోని వాక్యం అదొక్కటే.

నాకు ఒళ్లు మండింది. "అయిదు నుంచి ఆరున్నర దాకా ఒక్క విమానం లేవదు కదయ్యా! అప్పుడు వెళ్లి చెప్పెయ్యొచ్చుగా?"

"విమానంతో పేచీ లేదండీ. భయం పెట్టిందీ నేనే, పోగొడుతున్నదీ నేనే. ఇప్పుడడిగితే పాపం ఆవిడ కాదనలేదు. ఆ పిల్ల విమానం ఎక్కినన్నాళ్లూ అడగను."

మూడేళ్లు అడగలేదు. రోజూ మధ్యాహ్నం మూడున్నర గంటలయ్యేసరికి గడియారం చూడటం, చొక్కా సవరించుకోవడం, తిరిగి వచ్చాక నా బల్ల ముందు ఊరికే కూర్చుని కిటికీలోకి చూడటం. నేనెన్నో నివేదికలు రాశాను గాని, ఆ చూపును ఏ గడిలో రాయాలో తెలియలేదు.

చివరికి అమ్మాయికి నేలమీది ఉద్యోగం వచ్చింది. కొత్తవారికి శిక్షణ ఇవ్వడం. ఆనాడూ నాలుగూ పదికి విమానం లేచింది, ఈయన లెక్క మొదలుపెట్టారు. ఇరవై ఏడు దగ్గర ఆవిడ అడిగింది.

"ఇంకా ఎవరికోసమండీ ఆ లెక్క? మా అమ్మాయి కిందే ఉందిగా."

ఈయన లెక్క మధ్యలో మాట్లాడటం అదే మొదలు. "అందులో ఉన్నదీ ఎవరో ఒకరి అమ్మాయే కదండీ. ఇరవై ఎనిమిది..."

ఇరవై తొమ్మిది నుంచి ఆవిడా గొంతు కలిపింది. "దాటింది" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అప్పుడు ఆవిడ, "మూడేళ్ల కిందట 'నేను మిమ్మల్ని' అని ఒకటి ఆపారు. దాన్ని కూడా దాటించండి" అంది.

"పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానండీ" అన్నారు తొంభైగారు, తెగినచోటు నుంచే.

వారి వివాహం నవంబరు ఆరున జరిగింది. ఆకాశం మేఘావృతం, వర్షం లేదు. పదవీ విరమణ చేసి, విమానాలు ఎగరని ఒక చిన్న ఊరిలో స్థిరపడ్డారు. ఉత్తరాలు వస్తుంటాయి. వాక్యాలన్నీ పూర్తిగానే ఉంటాయి. చదివినప్పుడల్లా ఏదో వెలితి.

నేనూ పదవీ విరమణ చేశాను. విమానాశ్రయం పక్కనే కాపురం. నిన్న భోజనాల దగ్గర నేను, "ఇంకొంచెం..." అంటుండగా విమానం లేచింది. మా ఆవిడ గరిటె పట్టుకుని తొంభై దాకా నిలబడి, "దాటిందా? ఇంతకీ ఇంకొంచెం వెయ్యనా, వద్దా?" అంది.